సిస్టమ్ సందేహాలు: ఇంటి కంప్యూటర్‌లో సెర్న్ లెక్కలు

పోయిన సంచికలో, ఇంట్లో ఖాళీగా ఉండే కంప్యూటర్‌ని సైన్సు లెక్కలకు వాడనివ్వొచ్చని ఈ పేజీలో రెండు ముక్కలు రాశాను. బోయింక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుని ఏదో ఒక ప్రాజెక్టులో చేరితే, అక్కడి సర్వర్ నుంచి చిన్న చిన్న టాస్కులు మన సిస్టమ్‌కి వస్తాయి. లెక్క అయ్యాక ఫలితం దానంతట అదే వెనక్కి వెళ్లిపోతుంది. రాసింది కొంచెమే గానీ ఉత్తరాలు మాత్రం బాగా వచ్చాయి. ఎక్కువమంది ఆగిపోయింది ఒక్కచోటే: వర్చువల్ మెషీన్ దగ్గర. అంటే మన కంప్యూటర్ లోపలే సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఇంకో కంప్యూటర్. దాన్ని నడిపే సాఫ్ట్‌వేరే వర్చువల్‌బాక్స్. అందుకే ఈసారి పేజీ అంతా దానికే. ప్రింటర్ బాధలు రాసినవాళ్లు వచ్చే సంచిక దాకా ఓపిక పట్టాలి.

ప్రశ్న: మేడమ్, నేను బీటెక్ సెకండియర్. ఇంట్లో ఐ5 డెస్క్‌టాప్, 8 జీబీ ర్యామ్, విండోస్ 11 ఉన్నాయి. బోయింక్, వర్చువల్‌బాక్స్ రెండూ వేసి ఎల్‌హెచ్‌సీ ఎట్ హోమ్‌లో చేరాను. మొదట వచ్చిన టాస్కులు నిమిషంలోపే ఎర్రర్ అయ్యాయి, ఆ తర్వాత రావడమే మానేశాయి. వర్చువలైజేషన్ ఆఫ్‌లో ఉందని మెసేజ్ వచ్చింది. బయోస్‌లోకి వెళ్లి ఆన్ చేశాను. అయినా అదే పాట. అసలు మిగతా ప్రాజెక్టులు అడగని వర్చువల్ మెషీన్ దీనికెందుకు?
– ఎస్.ఆర్., భీమవరం

జవాబు: నీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను బాబూ, అది అర్థమైతే మిగతా తిప్పలన్నీ ఎందుకొస్తున్నాయో తెలుస్తుంది.

ఎల్‌హెచ్‌సీ ఎట్ హోమ్ 2004లో మొదలైంది. జెనీవా దగ్గర సెర్న్ అనే పరిశోధన కేంద్రంలో, కణాలను మహా వేగంగా తిప్పే ఎల్‌హెచ్‌సీ అనే పెద్ద యాక్సిలరేటర్‌లో ప్రోటాన్ల కిరణం దారి తప్పకుండా ఎంతసేపు తిరుగుతుందో లెక్కకట్టే సిక్స్‌ట్రాక్ అనే ప్రోగ్రామ్ అప్పట్లో ఇళ్లకు పంపేవారు. అది చిన్నది. విండోస్‌కి ఒకటి, లైనక్స్‌కి ఒకటి తయారుచేసి పంపితే సరిపోయేది. ప్రోటాన్లు ఢీకొన్నప్పుడు ఏం జరుగుతుందో సిమ్యులేట్ చేసే సాఫ్ట్‌వేర్ అలాంటిది కాదు. ఏళ్ల తరబడి ఎందరో శాస్త్రవేత్తలు కలిసి లైనక్స్ మీద రాసుకున్న కొండంత కోడ్ అది. దాన్నంతా విండోస్ కోసం తిరగరాసే ఓపిక ఎవరికీ లేదు. అందుకని 2011లో టెస్ట్ ఫర్ థియరీ అనే ప్రాజెక్టుతో వేరే దారి పట్టారు. సెర్న్‌వీఎం అనే చిన్న లైనక్స్‌నే మన ఇంటికి పంపిస్తారు, అది వర్చువల్‌బాక్స్‌లో బూట్ అవుతుంది, లోపల తనకు కావలసిన ఫైళ్లు మాత్రం నెట్ నుంచి అవసరమైనప్పుడల్లా తెచ్చుకుంటుంది. పెళ్లి వంటవాళ్లు గుండిగలు, గరిటెలు తామే తెచ్చుకున్నట్టన్నమాట. మనం ఇవ్వాల్సింది స్థలం, నీళ్లు, పొయ్యి.

కాబట్టి ఈ వర్చువల్ మెషీన్ మన సెక్యూరిటీ కోసం పెట్టింది కాదు, ముఖ్యంగా వాళ్ల వీలు కోసం పెట్టింది. మన ఫైళ్లకు దూరంగా ఉండటం కలిసొచ్చిన లాభం.

ఇప్పుడు నీ పొయ్యి సంగతి. టాస్క్ మేనేజర్ తెరిచి పర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో సీపీయూ మీద నొక్కు. కింద వర్చువలైజేషన్ అని ఉంటుంది, దాని పక్కన ఎనేబుల్డ్ అని ఉందా చూడు. లేకపోతే బయోస్‌లో నువ్వు మార్చింది సేవ్ కాలేదు. ఇంటెల్ బోర్డుల్లో ఇంటెల్ వర్చువలైజేషన్ టెక్నాలజీ అనో వీటీ-ఎక్స్ అనో రాసి ఉంటుంది. ఏఎండీ బోర్డుల్లో అయితే ఎస్‌వీఎం మోడ్ అంటారు. ఆ పేరు తెలియక మెనూలన్నీ గాలించి వదిలేసినవాళ్లు ఉన్నారు. పక్కనే కనిపించే వీటీ-డీ వేరు, దాని జోలికి పోనక్కర్లేదు.

ఎనేబుల్డ్ అనే చూపిస్తూ కూడా టాస్కులు రాకపోతే, అసలు మెలిక బోయింక్ లోపలే ఉంది. మొదటిసారి వర్చువలైజేషన్ లేక టాస్కు ఫెయిల్ అయినప్పుడు, "ఈ సిస్టమ్‌లో ఇది పనిచేయదు" అని బోయింక్ తన ఫైల్లో రాసిపెట్టుకుంటుంది. ఆ తర్వాత నువ్వు బయోస్‌లో ఆన్ చేసినా ఆ రాత అలాగే ఉండిపోతుంది. నీ కేసు చూస్తే నాకిదే అనిపిస్తోంది. ముందు బోయింక్‌ని పూర్తిగా ఆపు. విండో మూస్తే సరిపోదు, ఫైల్ మెనూలోంచి ఎగ్జిట్ కొట్టి, టాస్కులను కూడా ఆపమని టిక్ పెట్టాలి. తర్వాత సీ డ్రైవ్‌లో ప్రోగ్రామ్ డేటా అనే ఫోల్డర్‌కి వెళ్లు. అది దాచి ఉంటుంది, వ్యూ మెనూలో హిడెన్ ఐటమ్స్ టిక్ చేస్తే కనిపిస్తుంది. అందులో బోయింక్ ఫోల్డర్, దాంట్లో క్లయింట్ స్టేట్ అనే ఎక్స్‌ఎంఎల్ ఫైల్. ముందు దానికో కాపీ తీసి పక్కన పెట్టుకో. నోట్‌ప్యాడ్‌లో తెరిచి "వీఎం ఎక్స్‌టెన్షన్స్ డిజేబుల్డ్" అనే మాటలున్న లైను వెతుకు, మాటల మధ్య ఖాళీలకు బదులు అండర్‌స్కోర్లు ఉంటాయి. అక్కడ 1 ఉంటే 0 చేసి సేవ్ చెయ్యి. మిగతాదేదీ ముట్టుకోకు. బోయింక్ మళ్లీ తెరిచి, ప్రాజెక్ట్స్ ట్యాబ్‌లో అప్‌డేట్ నొక్కు.

ఇంకో సంగతి. బీటెక్ పిల్లాడివి కాబట్టి డాకర్ కోసమో క్లాసు కోసమో డబ్ల్యూఎస్‌ఎల్ (విండోస్‌లోనే లైనక్స్ నడిపే ఏర్పాటు) వేసే ఉంటావు. అది ఉంటే విండోస్ తన సొంత హైపర్‌వైజర్‌ని, అంటే వర్చువల్ మెషీన్లను నడిపే పొరని, నడుపుతుంది, వర్చువల్‌బాక్స్ దాని కింద ఇరుక్కుని నడవాల్సి వస్తుంది. అలా ఇరుక్కున్నప్పుడు వర్చువల్ మెషీన్ విండో కింది అంచున ఆకుపచ్చ తాబేలు బొమ్మ కనిపిస్తుంది. వర్చువల్‌బాక్స్ రాసినవాళ్ల హాస్యమే అది, కానీ నిజమే చెబుతోంది: పని నడుస్తుంది, నత్తనడకన. విండోస్ ఫీచర్స్‌లో హైపర్-వీ, వర్చువల్ మెషీన్ ప్లాట్‌ఫామ్, విండోస్ హైపర్‌వైజర్ ప్లాట్‌ఫామ్ మూడూ తీసేస్తే తాబేలు చాలావరకు పోతుంది, దాంతో డాకర్ కూడా పోతుంది. విండోస్ సెక్యూరిటీలోని మెమరీ ఇంటెగ్రిటీ వల్లా ఆ బొమ్మ రావొచ్చు గానీ, సెక్యూరిటీ కోసం పెట్టినదాన్ని తీసెయ్యమని నేను చెప్పను. చదువుకు డాకర్ కావాలంటే తాబేలునే ఉండనివ్వు, లేదా వర్చువల్ మెషీన్ అక్కర్లేని ప్రాజెక్టుకు మారిపో.

నీ 8 జీబీ మాటకొస్తే, ఎల్‌హెచ్‌సీ ఎట్ హోమ్ వెబ్‌సైట్‌లో నీ అకౌంట్ ప్రిఫరెన్సెస్ తెరిస్తే ఏయే రకం టాస్కులు కావాలో అడుగుతుంది. అట్లాస్, సీఎంఎస్ అనే రకాల టిక్కులు తీసెయ్యి. థియరీ ఒక్కటే ఉంచు. అట్లాస్ టాస్కు ఒక్క కోర్‌తో నడిచినా దాదాపు 4 జీబీ ర్యామ్ అడుగుతుంది. మనం సిస్టమ్ వాడుతున్నప్పుడు బోయింక్ మామూలుగా సగం ర్యామ్‌కి మించి తీసుకోదు, కాబట్టి అది "వెయిటింగ్ ఫర్ మెమరీ" అంటూ కూర్చుంటుంది. థియరీకి ఒక్క జీబీ లోపే చాలు. మ్యాక్స్ జాబ్స్ 1, మ్యాక్స్ సీపీయూస్ 1 అని పెట్టు. రెండు మూడు టాస్కులు ఎర్రర్ లేకుండా పూర్తయ్యాక పెంచుకోవచ్చు.

లోపల ఏం జరుగుతోందో చూడాలనుంటే వర్చువల్‌బాక్స్ ఎక్స్‌టెన్షన్ ప్యాక్ కూడా వెయ్యి. టాస్కు మీద నొక్కితే ఎడమ పక్కన షో వీఎం కన్సోల్ అనే బటన్ వస్తుంది. ఆ నల్లటి తెరలో ఆల్ట్, ఎఫ్2 కలిపి నొక్కితే ప్రోటాన్ల ఢీలు వందల చొప్పున లెక్కలో పడుతూ ఉండటం కనిపిస్తుంది. ఇదంతా నీ గదిలో జరుగుతోందంటే నాకిప్పటికీ సరదాగానే ఉంటుంది. థియరీ టాస్కులు గంటలో అయ్యేవి ఉంటాయి, రోజులు పట్టేవీ ఉంటాయి. షెర్పా అనే ప్రోగ్రామ్‌తో నడిచేవి మరీ మొండివి. శాతం కదలట్లేదని వెంటనే అబార్ట్ కొట్టకు, కన్సోల్‌లో అంకె పెరుగుతోందా లేదా చూసి నిర్ణయించుకో.

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ అయిపోయి ఖాళీగా ఉన్నాడు. సైన్సు కోసం అంటూ కంప్యూటర్ రాత్రంతా ఆన్‌లోనే పెడుతున్నాడు. ఫ్యాన్ మోత హాల్లోకి వినిపిస్తోంది. మా మరిది చూసి ఇది బిట్‌కాయిన్ మైనింగ్ అంటున్నాడు. కరెంటు బిల్లు తల్చుకుంటే టెన్షన్‌గా ఉంది. ఆపించమంటారా?
– పేరు వద్దన్నారు, సిద్దిపేట

జవాబు: మైనింగ్ కాదమ్మా. బోయింక్ అని చెప్పాడంటే ఆ భయం అక్కర్లేదు. ఈ టాస్కులు డబ్బు తెచ్చిపెట్టవు. క్రెడిట్ అని పాయింట్లు వస్తాయి, వాటితో టీ కూడా రాదు. కానీ పని మాత్రం ఉత్తుత్తిది కాదు. ఇలా జనం కంప్యూటర్లు తీసుకుని ప్రొటీన్ల ఆకారాలు లెక్కకట్టే రోసెట్టా ఎట్ హోమ్ ప్రాజెక్టు వాషింగ్టన్ యూనివర్సిటీలో డేవిడ్ బేకర్ ల్యాబ్‌ది. ఆయనకు 2024లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది.

బిల్లు సంగతి మాత్రం మీరు అడగాల్సిందే. డెస్క్‌టాప్ ఊరికే కూర్చున్నప్పటి కన్నా లెక్కలు చేస్తున్నప్పుడు అదనంగా 100 వాట్లు తిందనుకుందాం. 24 గంటలూ నడిస్తే రోజుకు 2.4 యూనిట్లు, నెలకు 72 యూనిట్లు. విడిగా చూస్తే పెద్దగా అనిపించదు గానీ, మన దగ్గర వాడకం పెరిగేకొద్దీ స్లాబు మారుతుంది, స్లాబు మారితే యూనిట్ రేటే మారుతుంది. పోయిన నెల బిల్లు తీసి, మీ యూనిట్లకు 72 కలిపి ఏ స్లాబులో పడతారో అబ్బాయి చేతే లెక్క కట్టించండి. ఫిజిక్స్ చేసినవాడు ఇది చెయ్యలేడా!

ఆపించనక్కర్లేదు, తగ్గించమనండి. బోయింక్ ఆప్షన్స్‌లో కంప్యూటింగ్ ప్రిఫరెన్సెస్ తెరిస్తే పైనే రెండు శాతాలు కనిపిస్తాయి. ఒకటి ఎన్ని కోర్లు వాడాలన్నది, రెండోది సీపీయూ టైమ్ ఎంత వాడాలన్నది. మొదటిది 50 చెయ్యమనండి. రెండోది 100లోనే ఉంచాలి. దాన్ని తగ్గిస్తే బోయింక్ పనిని క్షణానికోసారి ఆపుతూ మళ్లీ నడుపుతూ ఉంటుంది, వర్చువల్ మెషీన్లకు అది అస్సలు పడదు. అదే చోట డైలీ షెడ్యూల్స్‌లో రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు అని పెడితే పైన చెప్పిన 100 వాట్ల లెక్కనే నెలకు 24 యూనిట్లతో సరిపోతుంది. కోర్లు సగం చేశారు కాబట్టి ఇంకా తగ్గుతుంది, మోత కూడా తగ్గుతుంది. క్యాబినెట్ మూత తీసి దుమ్ము ఊదించి ఎన్నాళ్లయిందో కూడా అడగండి. రోహిణి కార్తెలో మాత్రం పూర్తిగా ఆపేయడమే మంచిది. ఆ వేడికి మనుషులకే ఊపిరాడదు.

ల్యాప్‌టాప్‌లో అయితే నేను అసలు వద్దనేదాన్ని.

ప్రశ్న: అంతా బాగానే నడుస్తోంది కానీ, పొద్దున్నే సిస్టమ్ ఆన్ చేసేసరికి టాస్కు పక్కన "పోస్ట్‌పోన్డ్: వీఎం జాబ్ అన్‌మేనేజబుల్" అని కనిపిస్తోంది. రోజంతా అలాగే ఉంటుంది. మాకు కరెంటు కోతలు కూడా ఎక్కువే.
– కె.వి., మదనపల్లె

జవాబు: రాత్రి మీరు షట్‌డౌన్ కొట్టే తీరులో ఉంది తేడా. వర్చువల్ మెషీన్‌ని ఆపడమంటే దాని ర్యామ్‌లో ఉన్నదంతా డిస్కు మీద రాసుకోవాలి. ఎస్‌ఎస్‌డీ అయితే కొద్ది సెకన్ల పని, పాత హార్డ్‌డిస్కు అయితే నిమిషం దాటొచ్చు. నడుస్తుండగానే షట్‌డౌన్ కొడితే విండోస్ అంతసేపు ఆగదు, మధ్యలోనే తెంపేస్తుంది. పొద్దున్న బోయింక్ వచ్చి చూస్తే వర్చువల్ మెషీన్ ఏ స్థితిలో ఉందో దానికి అంతుపట్టదు.

పడుకునే ముందు ఇలా చేయండి: యాక్టివిటీ మెనూలో సస్పెండ్ నొక్కండి. కంప్యూటింగ్ ప్రిఫరెన్సెస్‌లో "లీవ్ నాన్-జీపీయూ టాస్క్స్ ఇన్ మెమరీ" టిక్ పెట్టి ఉంటే వర్చువల్ మెషీన్ ర్యామ్‌లోనే నిలబడి ఉంటుంది కాబట్టి, తర్వాత టాస్కులు ఆపుతూ ఎగ్జిట్ కూడా కొట్టండి. వర్చువల్‌బాక్స్ మేనేజర్ తెరిచి చూడండి. ఆ మెషీన్ పేరు కింద సేవ్డ్ అని వచ్చాకే షట్‌డౌన్. నాలుగు రోజుల్లో చేతికి అలవాటైపోతుంది. ఇప్పుడు ఇరుక్కున్న టాస్కుకి మాత్రం బోయింక్‌ని ఒకసారి పూర్తిగా ఆపి మళ్లీ తెరవండి. చాలాసార్లు కదులుతుంది. కదలకపోతే అబార్ట్ చేయండి, అదే పనిని సర్వర్ ఇంకొకరికి ఇస్తుంది. అబార్ట్ చేసిన తర్వాత వర్చువల్‌బాక్స్ మేనేజర్‌లో ఇన్‌యాక్సెసబుల్ అని మిగిలిపోయినవాటిని తీసేయొచ్చు. నడుస్తున్నదాన్ని అక్కడి నుంచి ఎప్పుడూ ఆపొద్దు, డిలీట్ చెయ్యొద్దు. దాని పగ్గాలు బోయింక్ చేతిలోనే ఉండాలి.

కోతల మాట: కరెంటు పోతే టాస్కు మొదటికొచ్చే అవకాశమే ఎక్కువ. యూపీఎస్ లేకపోతే, వర్చువల్ మెషీన్ లేకుండా మధ్య మధ్యలో తన లెక్క రాసుకుంటూ పోయే ఐన్‌స్టైన్ ఎట్ హోమ్ (నక్షత్రాల సంకేతాలు వెతికే ప్రాజెక్టు) లాంటిది చూసుకోండి. కరెంటు పోయినా కొన్ని నిమిషాల పనే పోతుంది.

ప్రశ్న: నేను టెక్సస్‌లో ఉంటాను. నాన్నగారికి వచ్చే మీ పత్రిక వాట్సాప్‌లో ఫొటోలు తీయించుకుని చదువుతుంటాను. నాది ఉల్టా ప్రశ్న. నేనే వర్చువల్‌బాక్స్‌లో ఉబుంటు వేసి, దాని లోపల బోయింక్ నడపాలనుకుంటున్నాను, నా ఫైళ్లకు సంబంధం లేకుండా. అందులో ఎల్‌హెచ్‌సీ టాస్కులు నడుస్తాయా? గ్రాఫిక్స్ కార్డ్ కూడా ఉంది, ఫోల్డింగ్ ఎట్ హోమ్‌కి ఇద్దామని.
– ఒక పాఠకుడు, ఫ్రిస్కో

జవాబు: మంచి ఆలోచనే. ఉబుంటుకి రెండు కోర్లు, 4 జీబీ ర్యామ్, 30 జీబీ డిస్కు ఇస్తే బోయింక్‌కి ధారాళంగా సరిపోతుంది. ఉబుంటు సొంత ప్యాకేజీల్లోనే బోయింక్ ఉంది, బయట నుంచి ఏదీ దించనక్కర్లేదు. కోర్లన్నీ గెస్ట్‌కే (లోపలి ఉబుంటుకే) రాసిచ్చేయకండి, హోస్ట్‌కి (బయటి అసలు సిస్టమ్‌కి) ఒకటో రెండో మిగలాలి.

ఎల్‌హెచ్‌సీ దగ్గరకొచ్చేసరికి వర్చువల్ మెషీన్‌లో ఇంకో వర్చువల్ మెషీన్ అవుతుంది. వర్చువల్‌బాక్స్‌లో నెస్టెడ్ వీటీ-ఎక్స్ అని ఒక ఆప్షన్ ఉంది, ఇంటెల్ ప్రాసెసర్లకు 6.1 వెర్షన్ నుంచి వచ్చింది. ఆన్ చేస్తే నడవొచ్చు కూడా, కానీ అంత నిదానంగా నడిపి ఎవరికి లాభం? మీరు ఎలాగూ లైనక్స్‌లో ఉన్నారు కాబట్టి లోపలి వర్చువల్ మెషీన్‌ని ఎత్తేయండి. ఆ సెర్న్‌వీఎం తన ఫైళ్లు తెచ్చుకునే ఫైల్ సిస్టమ్‌ని, సీవీఎంఎఫ్‌ఎస్ అంటారు దాన్ని, నేరుగా ఉబుంటులో వేసుకోండి. ప్రాజెక్టు ప్రిఫరెన్సెస్‌లో నేటివ్ యాప్ వాడమని టిక్ పెడితే థియరీ టాస్కులు వర్చువల్‌బాక్స్ అడగకుండానే వస్తాయి. మొదటి సెటప్‌కి ఓ సాయంత్రం పడుతుంది గానీ ర్యామ్ బాగా కలిసొస్తుంది.

గ్రాఫిక్స్ కార్డ్ మాత్రం వర్చువల్‌బాక్స్ లోపలికి రాదు. ఉబుంటు లోపల మీ కార్డ్ కాదు, ఒక ఉత్తుత్తి కార్డ్ కనిపిస్తుంది. ఫోల్డింగ్ ఎట్ హోమ్‌ని బయట, హోస్ట్‌లోనే వేసుకోండి. ప్రొటీన్లు ఎలా మడతపడతాయో లెక్కకట్టే ఆ ప్రాజెక్టుకి బోయింక్‌తో పనిలేదు, దానిది వేరే సాఫ్ట్‌వేర్. 2020లో కరోనా ప్రొటీన్ల మీద పని మొదలుపెట్టగానే జనం ఎగబడి చేరితే దాని మొత్తం శక్తి ఎక్సాఫ్లాప్ (సెకనుకు పదివేల కోట్ల కోట్ల లెక్కలు) దాటింది, అప్పటికి ఏ సూపర్ కంప్యూటరూ అంత దూరం రాలేదు. ఆ శక్తిలో పెద్ద వాటా మీలాంటివాళ్ల గేమింగ్ కార్డులదే.

అది ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే మాత్రం పైన చెప్పిందేదీ చెయ్యకండి. ఎందుకో కింది జవాబులో ఉంది.

ప్రశ్న: మా జిల్లా పరిషత్ హైస్కూల్ ల్యాబ్‌లో పాత కంప్యూటర్లున్నాయి, 4 జీబీ ర్యామ్‌వి. సాయంత్రాలు ఖాళీయే. పిల్లల చేత సెర్న్ ప్రాజెక్టు పెట్టిద్దామని ఉంది.
– ఒక ఉపాధ్యాయుడు, నల్లగొండ జిల్లా

జవాబు: మాస్టారూ, ముందు హెడ్మాస్టర్ గారి చేత కాగితం మీద అనుమతి రాయించుకోండి. అమెరికాలోని జార్జియాలో ఒక కాలేజీ సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ అడక్కుండా కాలేజీ కంప్యూటర్లలో ఇలాంటి సాఫ్ట్‌వేరే వేశాడు. ఉద్యోగం పోవడమే కాదు, క్రిమినల్ కేసు కూడా అయింది. 2002లో ఏడాది ప్రొబేషన్, జరిమానాతో బయటపడ్డాడు. పని మంచిదే కావొచ్చు, కరెంటూ కంప్యూటరూ స్కూలువి.

4 జీబీలో విండోస్ తన వాటా తీసుకున్నాక వర్చువల్ మెషీన్‌కి చోటు ఉండదు. నెట్టుకొచ్చినా సిస్టమ్ డిస్కుని గీకుతూ కూర్చుంటుంది. ఐన్‌స్టైన్ ఎట్ హోమ్ గానీ వరల్డ్ కమ్యూనిటీ గ్రిడ్ గానీ పెట్టండి, సిస్టమ్‌కి ఒకే కోర్ చొప్పున. పిల్లలకు సెర్నే చూపించాలనుంటే మీ సొంత ల్యాప్‌టాప్‌లో ఒక థియరీ టాస్కు పెట్టి కన్సోల్ ప్రొజెక్టర్ మీద వెయ్యండి. మన దేశం 2017 నుంచి సెర్న్‌లో అసోసియేట్ సభ్యదేశం, ముంబై టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్లు సీఎంఎస్ ప్రయోగంలో ఉన్నారు. ఆ మాట కూడా చెబితే వెనక బెంచీ కూడా తల ఎత్తుతుంది.

ప్రశ్న: 2000 ప్రాంతంలో నాకు నెట్ సెంటర్ ఉండేది. రాత్రిళ్లు అన్ని సిస్టమ్‌లలో సేటి ఎట్ హోమ్ స్క్రీన్‌సేవర్ నడిపేవాణ్ణి. అది ఇప్పుడూ ఉందా? దానికీ వర్చువల్ మెషీన్ కావాలా?
– పి.ఎన్., తెనాలి

జవాబు: లేదండీ. గ్రహాంతరవాసుల సంకేతాలు వెతకడానికి 1999 మేలో బర్క్‌లీలో మొదలైన ఆ ప్రాజెక్టు 2020 మార్చి 31 నుంచి కొత్త టాస్కులు పంపడం ఆపేసింది. ఆ తర్వాత మీలాంటివాళ్లు పంపిన ఫలితాలన్నీ జల్లెడ పట్టే పనిలో వాళ్లు పడ్డారు. మీరు లెక్కకట్టిన సిగ్నల్స్ పోర్టోరికోలోని అరెసిబో రేడియో టెలిస్కోపువి. అదే ఏడాది డిసెంబర్ 1న ఆ టెలిస్కోపు కూలిపోయింది.

ఆకాశమే కావాలంటే ఐన్‌స్టైన్ ఎట్ హోమ్ మీకు సరిగ్గా సరిపోతుంది. అరెసిబో డేటాలోనే 2010లో ఇంటి కంప్యూటర్ల సాయంతో కొత్త పల్సర్‌ని (గిరగిరా తిరుగుతూ రేడియో సంకేతాలు పంపే నక్షత్రాన్ని) పట్టింది అదే. వర్చువల్ మెషీన్ అక్కర్లేదు, స్క్రీన్‌సేవర్ కూడా ఉంది. బోయింక్ డౌన్‌లోడ్ పేజీలో వర్చువల్‌బాక్స్ కలిపి ఉన్నది, లేనిది రెండూ కనిపిస్తాయి. మీరు లేనిదే తీసుకోండి.